కరువు సీమలో బరువు

తొలకరి పడిందంటే అనంతపురం జిల్లా వజ్రకరూరు చేలల్లో మనుషులు నడుములు వంచుకుని తిరుగుతుంటారు. వానకు పైమట్టి కొట్టుకుపోయి ఎక్కడో ఓ వజ్రపు రాయి తళుక్కుమంటుందని ఆశ. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా అలా వెతికే జనాన్ని చూస్తే, ఊబకాయం గురించి రాయడానికి ఈ ఊరేం దొరికింది అనిపిస్తుంది. ఉగ్గాణి ప్లేటు ముందు కూర్చునేదాకా నాకూ అలాగే అనిపించింది.

నానబెట్టి పిండిన బొరుగులు, ఉల్లిగడ్డ, పచ్చిమిరప తిరగమోత, పైన పుట్నాలపొడి. ఉగ్గాణిని తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. పక్కన మిరపకాయ బజ్జీలున్నాయే, వాటి కిందున్న కాగితం మాత్రం నూనె పీల్చి అద్దమైపోయింది. బాణలిలోది పామాయిల్. జిల్లా అంతా శెనక్కాయ పండిస్తుంది. కాయంతా మండీకి పోతుంది, ఇంటికి పామాయిల్ ప్యాకెట్టు వస్తుంది!

ఆ శెనక్కాయ రాకముందు ఈ చేలల్లో కొర్ర, సద్ద, జొన్న ఉండేవి. డబ్బు పంట వచ్చి తిండి పంటను పక్కకు నెట్టింది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. కరువులో పొయ్యి వెలిగించిన ఆ బియ్యాన్ని తిట్టే నోరు నాకు లేదు. కానీ రోజూ ఉండే సంగటి, ఊరిబిండి చుట్టం చూపుకొచ్చినట్టయ్యాయి. ఈ మండలంలోనే రాగులపాడు అనే ఊరుంది. పేరులో రాగులున్నా, ఇప్పుడు ఆ పేరెత్తితే ఎవరికైనా గుర్తొచ్చేది హంద్రీనీవా పంపుహౌసే.

తిండి మారినంత తొందరగా పని కూడా మారింది. గొర్రు తోలిన చేతులు బైకు హ్యాండిల్ పట్టాయి, దుక్కి ట్రాక్టరు చేతికి పోయింది. పైగా మన మాట ఒకటుంది. ‘ఏమప్పా, బాగా ఒళ్లు చేసినావే!’ అంటే ఇక్కడ మెచ్చుకోలు. ‘చిక్కిపోయినావేం’ అంటే పరామర్శ. తరతరాలుగా కరువు చూసిన నేలలో ఒంటిమీది కండ కలిమికి గుర్తు. అలాంటిచోట పొట్ట పెరుగుతోందని ఎవరైనా డాక్టరు దగ్గరికి పోతారా?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-49 ఏళ్ల మహిళల్లో 24 శాతం మంది ఉండాల్సినదానికన్నా ఎక్కువ బరువున్నారు. అంతకుముందు సర్వేలో 20.6 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో ఇది 36.3 శాతం. అదే సర్వేలో మన రాష్ట్ర మహిళల్లో 58.8 శాతం మందికి రక్తహీనత. బరువు పెరిగినా ఒంట్లో రక్తం లేదన్నమాట. అన్నం కుప్పగా, పప్పూ కూరా పేరుకు వడ్డించిన కంచాన్ని చూస్తే ఆ రెండు అంకెలూ ఒకేచోట ఎలా ఉన్నాయో తెలుస్తుంది.

అయితే తూకం చెప్పేది సగమే. 2004లో లాన్సెట్ పత్రికలో ఇద్దరు శాస్త్రవేత్తలు పక్కపక్కన ఉన్న ఫొటో అచ్చయింది. ఒకరు పుణెకు చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్, రెండోవారు బ్రిటన్‌కు చెందిన జాన్ యుడ్కిన్. ఎత్తుకు తగ్గ బరువు లెక్క, అదే బీఎంఐ, ఇద్దరికీ ఒకటే. ఒంట్లో కొవ్వు మాత్రం బ్రిటన్ ఆయనకు 9 శాతం, మనాయనకు 21. తల్లి అరకొర తిండితో మోసిన బిడ్డ తక్కువ బరువుతో పుడితే, తర్వాత తిండి దొరికినప్పుడు కండకన్నా పొట్టలో కొవ్వే ముందు పోగవుతుందని యాజ్ఞిక్ బృందం చాలాకాలంగా చెబుతోంది. వానలు మొహం చాటేసిన ఏళ్లలో పుట్టినవాళ్లు వజ్రకరూరులో ఎందరో లెక్కపెట్టక్కర్లేదు.

ఆ పొట్ట కొవ్వు ఊరికే ఉండదు. కాలేయంలోకి కొవ్వును వదులుతూ ఇన్సులిన్ మాట చెల్లకుండా చేస్తుంది. అక్కణ్నుంచి షుగరు, బీపీ, ఫ్యాటీ లివరు, గుండెజబ్బు. మోకాళ్ల అరుగుదల సంగతి సరేసరి. 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం, 13.6 కోట్ల మందికి దాని ముందు దశ ఉన్నట్టు లెక్కతేల్చింది. ఎక్కువ బరువున్నవాళ్లు 28.6 శాతమైతే, పొట్ట ఉన్నవాళ్లు 39.5 శాతం. ఆ తేడాలో ఉన్నవాళ్లంతా తూకానికి మామూలుగా కనిపించేవాళ్లే.

ఆశా కార్యకర్తలు ముప్పై దాటినవాళ్లకు నింపే ఫారంలో అందుకే నడుము కొలత కూడా ఉంటుంది. ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లలోపైతే సున్నా, 90 దాకా ఒక మార్కు, దాటితే రెండు. మగవాళ్లకు ఆ గీతలు 90, 100.

అరుగు మీద కూర్చుని శెనక్కాయలు ఒలుస్తున్న ఓ అవ్వ చుట్టూ ఆశా కార్యకర్త టేపు తిప్పుతుంటే చూశాను. చేతులు చీపురుపుల్లలు. కొంగు పక్కకు తీస్తే చిన్న కుండంత పొట్ట.

‘ఏం పాపా, రవికె కుట్టిస్తావా?’

‘చేతులు ఎత్తు అవ్వా, కదలొద్దు.’

ఎనభయ్యారు వచ్చింది. ఆ గడిలో ఒకటి వేసింది పాప. అవ్వ మెడ సాచి చూసింది.

‘ఒకటేనా? ఇంకోటి వెయ్యకూడదా నాకు?’ అంటూ ఒళ్లోని పొట్టు దులుపుకుంది.