గవ్వల చప్పుడు, కాగితపు విల్లు: ఒమాన్‌లో ఇంటి వేషాలు

రంజాన్ నెల సగానికి వచ్చిన రాత్రి, ఉపవాసం విడిచి మగ్రిబ్ నమాజు ముగిశాక, ఒమాన్ తీరప్రాంతపు వీధుల్లోకి పిల్లలు గుంపులుగా వస్తారు. మగపిల్లల ఒంటిమీద దిష్‌దాషా, తలమీద సూదిపని చేసిన కుమ్మా టోపీ, కొందరి నడుముకు బొమ్మ ఖంజర్ ఉంటాయి. ఆడపిల్లలు మెరిసే అంచులున్న పొడవాటి అంగీ, దాని కింద సిర్వాల్ వేసుకుని, తలమీద రంగుల వల్లె కప్పుకుంటారు. అందరి చేతుల్లోనూ గుడ్డ సంచులే. రెండు సముద్రపు గవ్వలనో రెండు రాళ్ళనో ఒకదానితో ఒకటి తాటిస్తూ, పాట పాడుతూ ఇంటింటికీ తిరుగుతారు. తలుపు తీసినవారు మిఠాయిలు, పప్పుగింజలు, చిల్లర నాణేలు సంచిలో వేస్తారు. ఈ వేడుకను అక్కడ కరన్‌కషో అంటారు. ఆ పేరు గవ్వల చప్పుడులోంచే పుట్టిందని చెప్పుకుంటారు. కువైట్‌లో గర్గియాన్, ఖతార్‌లో గరంగావ్ ఇదే కుటుంబానికి చెందిన వేడుకలు.

పెద్దలకు ఇవి నిత్యం వేసుకునే బట్టలే. ఒమాన్‌లో దిష్‌దాషా కార్యాలయానికీ అంగడికీ మసీదుకూ వేసుకువెళ్ళే దుస్తు. అదే ఆరేళ్ళ పిల్లవాడు నడుముకు ఖంజర్ బిగించి, గవ్వలు పట్టుకుని వీధిలోకి వస్తే వేషమవుతుంది. ఆ రాత్రి అతడు తన తాతను ధరించి తిరుగుతాడు. చూసేవారికీ ఆ సంగతి తెలుసు, వేసుకున్నవాడికీ తెలుసు. ఇద్దరికీ తెలిసి ఇద్దరూ ఒప్పుకున్న ఈ అబద్ధమే వేషంలోని ఆనందం.

తెలుగులో వేషాన్ని 'వేస్తారు', 'కడతారు'. కట్టడమనే మాటలో ముడివేయడమూ ఉంది, నిర్మించడమూ ఉంది. వేషానికి తయారీ బయటి విషయం కాదని, తయారీతోనే వేషం మొదలవుతుందని భాష ఏనాడో గుర్తించినట్టుంది. బజారులో అన్ని వేషాలూ సిద్ధంగా దొరికే కాలంలో ఈ కట్టడమనే క్రియకు ఏమవుతున్నదన్నది ఆలోచించవలసిన ప్రశ్న. ఒమాన్ గృహాల్లోనూ, అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల్లోనూ ఆ ప్రశ్న ఇంచుమించు ఒకే రూపంలో ఎదురవుతుంది.

సూదిమొనంత ఓపిక

ఒమాన్ ఇంటి సృజనకు కుమ్మా మంచి ఉదాహరణ. దీనికి రెండు భాగాలుంటాయి: తలచుట్టూ నిలిచే పట్టీ, దానిమీద కూర్చునే గుండ్రటి కప్పు. ముందుగా గుడ్డమీద నమూనా గీస్తారు. గుర్తు పెట్టిన ప్రతిచోటా సూదితో చిన్న రంధ్రం పొడిచి, దాని అంచును దారంతో చుట్టి బిగిస్తారు. దూరంనుంచి చూస్తే పువ్వులుగా, నక్షత్రాలుగా కనిపించే ఆకృతి దగ్గరికి వస్తే ఈ రంధ్రాల వరుసేనని తెలుస్తుంది. వాటిద్వారా తలకు గాలి ఆడుతుంది కూడా. మస్కట్ ఎండలో ఇది చిన్న సౌకర్యమేమీ కాదు. ఒక్క కుమ్మా పూర్తి కావడానికి వారాలు పడుతుంది, పని సన్ననిదైతే నెలలు పడుతుంది. భర్తకో కొడుకుకో ఇంటి స్త్రీలే తల కొలత తీసుకుని కుట్టడం ఆనవాయితీ. అమ్మకానికి కుట్టి సంపాదించుకునే స్త్రీలూ ఉన్నారు.

ఈ టోపీ చరిత్ర ఒక్క దేశానిదీ కాదు. తూర్పు ఆఫ్రికా తీరంలోని కోఫియా టోపీ దీనికి దగ్గరి చుట్టం. 1806 నుంచి 1856 వరకు పాలించిన సయ్యిద్ సయీద్ బిన్ సుల్తాన్ తన కొలువును జాంజిబార్‌కు తరలించాక ఆ ద్వీపానికీ ఒమాన్‌కూ మధ్య మనుషులు, వస్తువులు, అలవాట్లు ఎడతెగకుండా ప్రయాణించాయి. 1964లో జాంజిబార్‌లో విప్లవం వచ్చింది. 1970లో సుల్తాన్ ఖాబూస్ అధికారంలోకి వచ్చాక, అక్కడి ఒమానీ కుటుంబాలు ఎన్నో స్వదేశానికి తిరిగివచ్చాయి. మత్రా బజారులోని గుడ్డల వ్యాపారంలో భారతీయ వర్తకుల పాత్ర తరతరాలది. ఆఫ్రికా తీరపు టోపీతో, భారతదేశంనుంచి వచ్చిన బట్టతో చుట్టరికం కలుపుకున్న దుస్తులే కాలక్రమంలో 'సంప్రదాయ దుస్తులు' అయ్యాయి. సంప్రదాయమంటే ఒకప్పుడు ఎవరో చేతికందిన వాటితో చేసుకున్న ప్రయోగం, తరువాతివారికి నచ్చి నిలిచినది.

చేతికందిన వాటితో చేసుకోవడమనే ఈ గుణానికి ఫ్రెంచి మానవశాస్త్రవేత్త క్లోద్ లెవీ-స్ట్రౌస్ 1962లో ప్రచురించిన గ్రంథంలో 'బ్రికోలాజ్' అనే మాట వాడాడు. ఇంజనీరు ముందు పథకం వేసుకుని, దానికి తగిన సామగ్రి తెప్పించుకుంటాడు. బ్రికోలర్ తన దగ్గర మిగిలి ఉన్న ముక్కలను ముందేసుకుని, వీటితో ఏమి చేయవచ్చునని వాటినే అడుగుతాడు. తెలుగిళ్ళలో పాత చీరను బొంతగా, మిగిలిన జాకెట్టు గుడ్డను పిల్ల గౌనుగా మార్చిన చేతులకు ఈ సిద్ధాంతం కొత్తది కాదు, పేరు మాత్రమే కొత్తది. 1980లలో అమెరికన్ మనస్తత్వవేత్త రూత్ రిచర్డ్స్, ఆమె సహచరులు 'నిత్యజీవన సృజన' అనే భావనను పరిశోధనకు ఎత్తుకున్నారు. కవులు, చిత్రకారులు, శాస్త్రజ్ఞుల పనినే సృజనగా లెక్కించడం సరికాదని, వంటలో, మరమ్మతులో, పిల్లల పెంపకంలో కనిపించే కొత్తదనమూ అదే కోవలోనిదని వారి వాదన. దానికి రెండే గీటురాళ్ళు: అందులో కొంత కొత్తదనం ఉండాలి, ఇతరులకు అది అర్థవంతంగా తోచాలి. ఇంట్లో కట్టిన వేషం ఈ రెండింటికీ సులువుగా నిలుస్తుంది.

దసరా విల్లంబులు, గంగజాతర వేషాలు

కరన్‌కషో గురించి విన్న పెద్దతరం తెలుగువారికి దసరా గుర్తుకు రాక మానదు. వీధిబడుల కాలంలో నవరాత్రులప్పుడు అయ్యవారు పిల్లలను వెంటబెట్టుకుని ఊరిలో ఇంటింటికీ వెళ్ళేవారు. పిల్లలు కొత్త బట్టలు తొడుక్కుని, వెదురుబద్దకు రంగుకాగితాలు అంటించిన విల్లంబులు పట్టుకుని, దసరా పద్యాలు పాడేవారు. ఇంటివారు అయ్యవారికి కట్నం, పిల్లలకు పప్పుబెల్లాలు ఇచ్చేవారు. ఒమాన్ పిల్లల చేతిలో గవ్వలు, ఆంధ్ర పిల్లల చేతిలో విల్లు. మతం వేరు, భాష వేరు, సముద్రం అడ్డు. అయినా చిన్నపిల్లలు అలంకరించుకుని పాటతో గడప తొక్కితే పెద్దలు వట్టిచేతులతో పంపరాదన్న న్యాయం రెండుచోట్లా ఒకటే. ఆ విల్లు ఏ రాముడిదో అర్జునుడిదో అని పిల్లవాడు నమ్మేవాడు. దాన్ని వంచి, మైదా జిగురుతో కాగితం అంటించిన చేతులు తనవో తన అన్నవో కావడంవల్ల ఆ నమ్మకం తగ్గలేదు, పెరిగింది.

వేషానికి ఖరీదైన సామగ్రి అక్కరలేదనడానికి తిరుపతి గంగమ్మ జాతరను మించిన సాక్ష్యం దొరకదు. జాతర రోజుల్లో ఊరి మగవారు, పిల్లలు వరుసగా వేసే వేషాల్లో బైరాగి వేషానికి తెల్లసుద్ద, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు, దొర వేషానికి గంధం ఒంటికి పూసుకుంటారు. నాలుగు రంగులు, నాలుగూ ఇంట్లోనో వీధి చివరి కొట్లోనో దొరికేవే. పొద్దున వంటింటి పొయ్యిలో ఉన్న బొగ్గు మధ్యాహ్నానికి మొక్కుబడి అవుతుంది. ఈ జాతరను దగ్గరనుంచి పరిశీలించిన జాయిస్ ఫ్లూకిగర్ 2013లో వెలువరించిన గ్రంథం ఈ వేషాలను వినోదంగా మాత్రమే చూడలేదు; వేషం వేసినవాడిని అది ఎలా మారుస్తుందన్న ప్రశ్ననూ పరిశీలించింది. సాయంత్రం రంగు కడుక్కున్నాక ఏమీ మిగలకపోవడం ఆ వేషానికి లోపం కాదు. మిగలకపోవడంవల్లనే మరుసటి ఏడు మళ్ళీ కట్టుకోవలసి వస్తుంది, మళ్ళీ నేర్పవలసి వస్తుంది.

మస్కట్ ఫ్లాటులో హరిదాసు

ఒమాన్‌లో భారతీయ పాఠశాలల చరిత్ర 1975లో ఇండియన్ స్కూల్ మస్కట్‌తో మొదలైంది. ఇప్పుడు ఆ దేశంలో ఇరవైకి పైగా భారతీయ పాఠశాలలున్నాయి. భారతదేశంలోని బడుల్లాగే వీటికీ విచిత్ర వేషధారణ పోటీ పరిచితమే. ఇంటికి చీటీ వస్తుంది, వారం గడువు ఉంటుంది, తల్లిదండ్రులు తల పట్టుకుంటారు. రూవీ బజారులో, దుకాణాల సముదాయాల్లో సిద్ధపు దుస్తులు దొరుకుతాయి: పోలీసు, వైద్యుడు, యువరాణి, సాలీడు మనిషి. హరిదాసు మాత్రం దొరకడు. బుడబుక్కలవాడు, గంగిరెద్దులవాడు, బతుకమ్మ ఎత్తుకున్న పిల్ల ఏ దుకాణంలోనూ వేలాడరు. వీళ్ళు కావాలంటే ఇంట్లో కట్టుకోవలసిందే.

హరిదాసునే తీసుకుందాం. నాన్న పంచెను సగానికి మడిచి కట్టవచ్చు. మెడలో దండకు పట్టుచీర చుట్టివచ్చిన రంగుకాగితం చాలు. నొసట నామానికి వంటింటి పసుపూ, కుంకుమా ఉన్నాయి. తంబురాకు పొడవాటి అట్టగొట్టం, దాని అడుగున బోర్లించిన ప్లాస్టిక్ గిన్నె, మీద నాలుగు దారాలు. నెత్తిమీది అక్షయపాత్ర దగ్గర అసలు చిక్కు వస్తుంది. ఇత్తడి గిన్నె పెడితే పిల్లవాడి మెడ ఆగదు. బుడగ ఊది, దానిమీద మైదా జిగురుతో పాత వార్తాపత్రిక ముక్కలు పొరలుగా అంటించి, ఆరాక బుడగను పగలగొట్టి పై అంచు కత్తిరిస్తే తేలికైన పాత్ర తయారవుతుంది. దానికి రాగిరంగు పూస్తే సరి. మస్కట్ పొడి ఎండలో కాగితం ఆరడానికి ఎంతోసేపు పట్టదు. ఆ పత్రిక అరబ్బీదైతే, గోదావరి తీరపు హరిదాసు నెత్తిన లోపలివైపు అరబ్బీ అక్షరాలుంటాయి. కోఫియాకూ కుమ్మాకూ మధ్య జరిగినది కూడా ఇలాంటి కలయికే.

ఈ పని సాగుతుండగా పిల్లవాడు ఊరుకోడు. నెత్తిమీద గిన్నె ఎందుకు? బియ్యం వేయించుకోవడానికి. దించి పట్టుకోవచ్చు కదా? సంకీర్తన ముగిసి ఇల్లు చేరేదాకా దించడు. బియ్యం వేసేది ఎవరు? ఇంట్లో పిల్లలు, అందుకే ఆయన వంగుతాడు. ధనుర్మాసపు తెల్లవారుజామును ఎన్నడూ చూడని పిల్లవాడికి ఇంతకన్నా మంచి పాఠం ఏ పుస్తకంలోనూ లేదు. వేదికమీద వేషం నిలిచేది రెండు నిమిషాలు. ఈ సంభాషణ జరిగింది వారం రోజులు. బహుమతి వచ్చినా రాకపోయినా అది పోదు. కొన్న దుస్తులతో పోయేది ఈ సంభాషణే. డబ్బు ఆదా కావడం, కాకపోవడం చిన్న విషయం.

ఎవరి సమయం?

అయితే చేతిపనిని మెచ్చుకుంటూ దాని భారం ఎవరిమీద పడుతున్నదో చెప్పకపోవడం అన్యాయం. కుమ్మా కుట్టిన వారాలు, నెలలు స్త్రీలవే. పోటీకి ముందురాత్రి పన్నెండు దాకా అట్టలు కత్తిరించేది కూడా ఎక్కువగా తల్లులే. ఉద్యోగం చేసి అలసివచ్చిన ఇల్లాలు సిద్ధపు దుస్తులు కొంటే అది సంస్కృతీద్రోహం కాదు. యంత్రపు కుట్టుతో వచ్చే కుమ్మాలు చవకగా దొరకడంవల్ల చేతికుమ్మా బేరం దెబ్బతింటున్నమాట నిజమే. అయితే చేతికుమ్మా కుట్టే స్త్రీకి ఆదాయం వచ్చేదీ అంగడినుంచే. కాబట్టి తగవు ఇంటికీ అంగడికీ మధ్య కాదు. పని అంతా ఒక్కరిమీద పడినప్పుడు సృజన చాకిరీగా మారుతుంది. నలుగురి చేతులు పడినప్పుడే అది ఆటగా మిగులుతుంది. వెదురు చీల్చేందుకు అన్న, కాగితం అంటించేందుకు చెల్లి, పద్యం చెప్పేందుకు అయ్యవారు ఉన్నంతకాలం దసరా విల్లు ఎవరికీ బరువు కాలేదు. హరిదాసు పాత్రకు జిగురు కలిపే పని తండ్రికి, రంగు పూసే పని పిల్లవాడికి అప్పగిస్తే అది వంకరగా రావచ్చు. వంకరగా వచ్చిన పాత్రే ఆ ఇంటి పాత్ర.

ఇప్పుడు ఒమాన్ నగరాల్లో కరన్‌కషో దుకాణాల సముదాయాల్లోనూ సంఘాల ఆవరణల్లోనూ జరుగుతున్నది. మిఠాయిలు ముందే పొట్లాలు కట్టి ఉంటాయి. తెలుగునాట వీధిబడులతోపాటే దసరా విల్లంబులు దాదాపు వెనకబడ్డాయి. అయ్యవారు తిరగడం మానినచోట విల్లు వంచడం కూడా మరుగునపడింది, ఎందుకంటే దాన్ని పట్టుకుని వెళ్ళవలసిన గడప లేకపోయింది. వేషం బతకడానికి కట్టే చేతులు ఎంత అవసరమో తలుపు తీసే ఇళ్ళూ అంతే అవసరం. మస్కట్‌లోని అపార్టుమెంటు వరండాలో గవ్వల చప్పుడు వినబడితే తలుపు తీసి నాలుగు ఖర్జూరాలు సంచిలో వేయడానికి అరబ్బీ రానక్కరలేదు. సంక్రాంతినాడు అదే వరండాలో కాగితపు పాత్ర నెత్తిన పెట్టుకుని ఒక పిల్లవాడు నిలబడితే గుప్పెడు బియ్యం పోయడానికి తెలుగూ రానక్కరలేదు.