మొదటి నైట్రో బగ్గీ కొంటున్నారా? కారు ధర ఒక్కటే చూడొద్దు!

గుడ్లవల్లేరు నుంచి మాట్లాడుతున్నా. "అన్నా, తక్కువలో ఏ నైట్రో ఆర్‌సీ బగ్గీ తీసుకోవాలి?" అంటారా, చెప్తా.

ముందు ఫ్యూయల్ సంగతి. ఇది పెట్రోల్‌తో నడవదు. మిథనాల్, నైట్రోమీథేన్, ఆయిల్ కలిపిన ఫ్యూయల్ కావాలి. అది బంకులో దొరకదు. అందుకే ఫ్యూయల్, గ్లో ప్లగ్, ఇగ్నైటర్ ఖర్చు కూడా ముందే లెక్కేసుకోండి.

సైజుకొస్తే, 1/8 బగ్గీలో ఎక్కువగా 3.5 సీసీ ఇంజన్ ఉంటుంది, ఫ్యూయల్ బాగా తాగుతుంది. కొత్తవాళ్లకి 1/10 చాలు. హెచ్ఎస్‌పీ వార్‌హెడ్ లాంటివి ఈ సైజే. తాడు లాగి స్టార్ట్ చేసే రెడీ-టు-రన్ మోడల్ చూడండి.

స్పేర్లు చాలా ముఖ్యం. మన నల్లరేగడి పొలాలు ఎండాకాలం నెర్రెలిస్తాయి కదా, చక్రం అందులో పడితే సస్పెన్షన్ ఆర్మ్ విరుగుతుంది. అది విడిగా దొరక్కపోతే బండి మూలన పడ్డట్టే.

కొన్నాక మొదటి నాలుగైదు ట్యాంకులు నెమ్మదిగా నడపండి. స్పీడ్ కోసం నీడిల్ బిగిస్తే ఇంజన్ వేడెక్కి పాడవుతుంది. సన్నగా పొగ కనపడుతూ ఉండాలి.

ఇవన్నీ కలిపితే బడ్జెట్ దాటుతోందా? ముందు బ్యాటరీ బగ్గీతో నేర్చుకోండి, తప్పేం లేదు. ఉంటా మరి, బై!