వేగానికి వెల: గుండె రికార్డరులో వోల్టేజి బఫరు

కొన్నాళ్ళ క్రితం ఒక సాయంత్రం దుబాయిలో నా దగ్గరకు నిజామాబాదు జిల్లాకు చెందిన ఒక పెద్దాయన వచ్చారు. ఇక్కడ ఉద్యోగం చేస్తున్న కొడుకును చూడటానికి వచ్చిన మనిషి. రెండేళ్ళ క్రితం స్వదేశంలో పేస్‌మేకర్ అమర్చారు. కళ్ళు తిరుగుతున్నాయంటే ఎక్కడో ఛాతీకి అంటించుకునే చిన్న రికార్డరు ఇచ్చారు. అది గీసిన ఇసిజిలో పేస్‌మేకర్ స్పైకులు ఒక్కటీ లేవు. ఎవరో అనుమానంగా తల ఊపారు. "సారూ, నా గుండెల మిషిను ఆగిపోయిందా ఏంది?" అని అడిగారాయన.

ఆగిపోలేదు. ప్రోగ్రామరుతో పరీక్షిస్తే బ్యాటరీ, తీగలు, స్పందనలు అన్నీ సవ్యంగానే ఉన్నాయి. నీరసానికి కారణం రక్తపోటు మాత్రల మోతాదు. మరి రికార్డరు స్పైకులను ఎందుకు చూడలేదు? ఈ ప్రశ్న నన్ను వైద్యం నుంచి ఎలక్ట్రానిక్స్‌లోకి, అక్కడ వోల్టేజి బఫరు అనే చిన్న సర్క్యూట్ దగ్గరకు తీసుకువెళ్ళింది.

చర్మం మీద దొరికే ఇసిజి సంకేతం సుమారు ఒక మిల్లీవోల్టు. ఎలక్ట్రోడుకూ చర్మానికీ మధ్య నిరోధం ఎక్కువ. ఎండిన చర్మం మీద అది ఇంకా పెరుగుతుంది. అటువంటి బలహీనమైన మూలం నుంచి కొలిచే పరికరం కరెంటు లాగితే సంకేతమే కుంగిపోతుంది. బఫరు పని మధ్యవర్తిత్వం. మూలం నుంచి దాదాపు ఏమీ తీసుకోకుండా, అదే వోల్టేజిని తన సొంత కరెంటుతో అవతలివారికి అందించడం. సంకేతాన్ని పెద్దది చేయదు, మోసే బలం ఇస్తుంది.

అవతల ఉన్నది సాధారణంగా ఒక కెపాసిటర్. సంకేతాన్ని అంకెలుగా మార్చే భాగం ప్రతి నమూనాకూ ముందు ఆ కెపాసిటర్‌ను నింపుకోవాలి. బడిలో తెలుగులో చదువుకున్న సూత్రమే ఇక్కడా వర్తిస్తుంది: ఆవేశం అంటే కరెంటును కాలంతో గుణించిన ఫలితం. 10 పికోఫారడ్ల కెపాసిటర్‌ను ఒక మైక్రోసెకనులో ఒక వోల్టుకు చేర్చాలంటే 10 మైక్రోఆంపియర్లు కావాలి. పది మైక్రోసెకన్ల వ్యవధి ఇస్తే ఒక మైక్రోఆంపియరు చాలు. కాలం తగ్గినకొద్దీ కరెంటు పెరుగుతుంది. ఇది వేగానికి మొదటి వెల.

రెండవ వెల చివరి మజిలీలో ఉంది. కుండ నిండేవేళ ధార సన్నబడినట్లు, గమ్యానికి దగ్గరయ్యేకొద్దీ బఫరు నెమ్మదిస్తుంది. 12 బిట్ల కచ్చితత్వంతో, అంటే అరబిట్టు లోపలి తేడాతో కుదురుకోవడానికి కాలస్థిరాంకానికి తొమ్మిది రెట్ల సమయం పడుతుంది. ఈ కాలస్థిరాంకాన్ని తగ్గించాలంటే ట్రాన్సిస్టర్ వాహకత పెరగాలి. చాలా తక్కువ కరెంటు దగ్గర మాస్ ట్రాన్సిస్టర్ వాహకత కరెంటుతో సమానంగా పెరుగుతుంది. కరెంటు ఎక్కువైన తర్వాత దాని వర్గమూలంతోనే పెరుగుతుంది. అప్పుడు వేగం రెట్టింపు కావాలంటే కరెంటు నాలుగు రెట్లు పెట్టాలి.

ఈ బేరాన్ని బాహాటంగా చూపే చిప్ ఒకటి ఉంది. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి బియుఎఫ్634 అనే బఫరులో వేగాన్ని నిర్ణయించే కాలు ఒకటి ప్రత్యేకంగా ఉంటుంది. 1.5 మిల్లీఆంపియర్లకు 30 మెగాహెర్ట్జుల బ్యాండ్‌విడ్త్, 15 మిల్లీఆంపియర్లకు 180. ఖర్చు పదింతలైతే లాభం ఆరింతలు.

శరీరంలో అమర్చే పరికరానికి ఈ మిల్లీఆంపియర్లు ఊహకందని విలాసం. పేస్‌మేకర్ బ్యాటరీ ఒక ఆంపియర్-గంట అనుకుందాం. పదేళ్ళంటే 87,600 గంటలు. సగటున వాడుకోదగినది సుమారు 11 మైక్రోఆంపియర్లు. గుండెకు ఇచ్చే స్పందనలతో సహా మొత్తం సంసారం ఇంతలోనే జరగాలి. విద్యార్థులందరికీ పరిచయమైన 741 ఆప్ ఆంప్ ఊరికే కూర్చున్నా సుమారు 1.7 మిల్లీఆంపియర్లు తింటుంది. అదే బ్యాటరీని పాతిక రోజులలోపే ఖాళీ చేస్తుంది.

ఇక పెద్దాయన రికార్డరు సంగతి. అటువంటి రికార్డరు సెకనుకు 250 నమూనాలు తీస్తుందనుకుందాం. నాలుగు మిల్లీసెకన్లకు ఒకటి. పేస్‌మేకర్ స్పందన నిడివి సుమారు అర మిల్లీసెకను, అంటే రెండు నమూనాల మధ్య దూరిపోతుంది. 150 హెర్ట్జుల ఫిల్టరు ఉంటే దాన్ని ఇంకా చదును చేస్తుంది. నేటి బైపోలార్ తీగల స్పైకు అసలే చిన్నది. దానిని తప్పక పట్టాలంటే సెకనుకు 2,000కు పైగా నమూనాలు కావాలి. బఫరుకు దొరికే వ్యవధి ఎనిమిదో వంతవుతుంది, కరెంటు ఆ మేరకు పెరుగుతుంది. వారాల తరబడి నడవవలసిన రికార్డరు ఆ వెల చెల్లించలేదు. అది అబద్ధం చెప్పలేదు, చూడగలిగినంతే చూసింది.

ఈ బిగింపు నుంచి బయటపడే దారులను ఇంజనీర్లు వెతికారు. మొదటిది మన గుండె పద్ధతే. విశ్రాంతిలో నిమిషానికి అయిదు లీటర్లు పంపే గుండె, అవసరమైనప్పుడు ఇరవైకి చేరుతుంది. క్లాస్-ఎబి బఫరు కూడా మామూలు వేళ కొద్దిపాటి కరెంటుతో ఉండి, సంకేతం హఠాత్తుగా మారినప్పుడే ఎక్కువ ఖర్చు పెడుతుంది. మరీ పిసినారితనం చేస్తే, బాధ్యత ఒక ట్రాన్సిస్టర్ నుంచి మరొకదానికి మారే చోట చిన్న సంకేతాలు వంకరపోతాయి. రెండవది నమూనాల మధ్య బఫరును నిద్రపుచ్చడం. మూడవది, కార్వహాల్, రమీరెజ్-అంగులో ప్రభృతులు 2005లో సమగ్రంగా వివరించిన ఫ్లిప్డ్ వోల్టేజ్ ఫాలోయర్. అది తన ఫలితాన్ని తానే సరిచూసుకుంటూ కొద్ది కరెంటుతోనే ఒక దిశలో బలంగా తోస్తుంది. రెండవ దిశలో మాత్రం బలహీనమే. నాలుగవది స్పైకుల కోసం మాత్రమే వేరుగా ఒక చురుకైన దారి పెట్టడం. పెద్ద ఇసిజి యంత్రాలు చేసేది ఇదే.

అబూ ధాబీలోని ఖలీఫా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో ప్రమాదకరమైన జఠరిక లయభంగాలను ముందుగా పసిగట్టే 65 నానోమీటర్ల ప్రాసెసర్‌ను వర్ణించారు. దాని ఖర్చు 2.78 మైక్రోవాట్లు. లెక్కలు ఇంత చవకైనప్పుడు, ఆ లెక్కలకు సంకేతాన్ని మోసుకొచ్చే బఫరుల పొదుపే అసలు సమస్యగా మిగులుతుంది.

ఏ పరికరానికైనా ఇచ్చిన వేగానికి ఎవరో, ఎక్కడో ఒక వెల నిర్ణయించి ఉంటారు. ఇసిజి చదివే వైద్యునికి ఆ బేరం తెలియకపోతే, లేని గీత లేని జబ్బును సృష్టిస్తుంది. ఆ రోజు పెద్దాయనకు పూర్తి ఇసిజి తీసి, స్పైకులను వేలితో చూపించాను. ఆయన కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు. ఊళ్ళో చూపిస్తారట.