మీటర్ బాగుందంటే యాంటెనా బాగున్నట్టేనా?

2004 డిసెంబర్ సునామీకి అండమాన్‌లో ఫోన్లు మూగబోయినప్పుడు, ఢిల్లీకి చెందిన హామ్ రేడియో ఆపరేటర్ భారతీ ప్రసాద్ పోర్ట్ బ్లెయిర్ నుంచి సమాచారం చేరవేశారు. భూకంప ముప్పున్న నోయిడాలోనూ అలాంటి అవసరం రావచ్చు. అపార్ట్‌మెంట్ల మధ్య పొడవాటి తీగ కట్టే చోటుండదు కాబట్టి టెర్రస్ మీద నిలువు యాంటెనాయే దిక్కు.

14 మెగాహెర్ట్జ్‌కు పావు తరంగం పొడవు సుమారు 5 మీటర్లు. ఆ రాడ్ సగం యాంటెనా మాత్రమే. అడుగున పరిచే రేడియల్ తీగలు మిగతా సగం. అవి సరిపడా ఉంటే ఇంపెడెన్స్ దాదాపు 36 ఓమ్‌లు. కేబుల్‌ది 50. కాబట్టి మ్యాచింగ్ ఎలా ఉందో చెప్పే ఎస్‌డబ్ల్యూఆర్ 1.4 వస్తుంది. దానితో ఇబ్బంది లేదు.

అసలు చిక్కు వేరే ఉంది. రేడియల్స్ తక్కువై 14 ఓమ్‌ల నష్టం కలిసిందనుకుందాం. మొత్తం 50 అవుతుంది, మీటర్ 1 చూపిస్తుంది. కానీ 100 వాట్లలో 28 వేడిగా పోతాయి!

టెర్రస్ మీద మార్గం ఒకటుంది. రాడ్ అడుగును 4 మీటర్లు ఎత్తి, 5 మీటర్ల రేడియల్స్ నాలుగింటిని 45 డిగ్రీల వాలుగా దించితే, నష్టం పెరగకుండానే ఇంపెడెన్స్ 50కి చేరువవుతుంది. కేబుల్ కలిపేచోట ఫెర్రైట్ చోక్ తప్పనిసరి. లేదంటే కేబుల్ పైతొడుగే రేడియల్‌గా మారి, లిఫ్టుల, ఎల్‌ఈడీ బల్బుల రొదను రేడియోలోకి మోసుకొస్తుంది.

కింద ఫ్లాట్‌లో పెట్టే ట్యూనర్ రేడియోను కాపాడుతుంది గానీ, పైన పోయే వాట్లను వెనక్కి తేలేదు.