తిత్తి ఊపిన చేతులు

హార్మోనియం లేని పద్యనాటకాన్ని ఊహించగలమా? ఆ పెట్టె మన సొంతమనే అనుకుంటాం గానీ, దాని పుట్టిల్లు ఫ్రాన్స్. 1842లో పారిస్‌లో దెబెన్ అనే ఆయన దానికి పేటెంటు తీసుకున్నాడు. దానికంటే ఎన్నో వందల ఏళ్ళు పెద్దది పైప్ ఆర్గన్. వాటిల్లో నన్ను బాగా ఆకట్టుకున్నది వెర్సాయ్ రాజభవనంలో, రాజుగారి ప్రార్థన మందిరంలో ఉన్న ఆర్గన్.

పద్నాలుగో లూయీ కట్టించిన ఆ మందిరం 1710లో పూర్తయింది. మరుసటి ఏడాది క్లికో, త్రిబువో అనే ఇద్దరు పనివాళ్ళు ఆర్గన్ అమర్చారు. మామూలుగా చర్చిల్లో ఆర్గన్ గుమ్మం పైన, జనం వెనక ఉంటుంది. ఇక్కడ మాత్రం పూజాపీఠం పైన, రాజుగారి ఆసనానికి ఎదురుగా పెట్టారు. దాని మీద బంగారు నగిషీలు, వీణలాంటి వాద్యం మీటే దావీదు రాజు బొమ్మ!

ఇంతకీ అదెలా పలుకుతుందంటారా? మెట్టు నొక్కితే ఓ చిన్న తలుపు తెరుచుకుని గొట్టంలోకి గాలి వెళుతుంది. పొడుగు గొట్టానిది మంద్రస్వరం, పొట్టిదానిది కీచుగొంతు. మరి గాలి? కరెంటు మోటార్లు లేని ఆ రోజుల్లో మనుషులే పెద్దపెద్ద తిత్తులు ఆడించేవారు. వాళ్ళని ఫ్రెంచిలో 'సూఫ్లర్' అంటారు, అంటే ఊదేవాడు. తమాషా ఏమిటంటే, నాటకంలో తెరచాటు నుంచి మాట అందించే ప్రాంప్టర్‌నీ వాళ్ళు అదే మాటతో పిలుస్తారు. ఇద్దరూ కనపడకుండా ఊపిరి పోసేవాళ్ళేగా!

రాజుగారికి నలుగురు ఆర్గన్ విద్వాంసులు, తలా మూడు నెలల వంతు. వాళ్ళలో ప్రఖ్యాతుడు ఫ్రాన్స్వా కూపెరాన్. 1770లో పద్నాలుగేళ్ళ మేరీ ఆంటొయినెట్ పెళ్ళి జరిగింది ఆ మందిరంలోనే. 1793లో ఆమెనీ, భర్తనీ గిలెటిన్‌కి బలిచ్చారు. నగిషీల పెట్టె మాత్రం మిగిలింది. 1873లో కవయే-కోల్ దాని లోపల కొత్త ఆర్గన్ పెట్టాడు. 1930లలో మళ్ళీ మార్చారు. చివరికి పాత నాదమే కావాలనుకుని, 1995లో 1711 నాటి పద్ధతిలో తిరిగి నిర్మించారు.

చేసినవాళ్ళ పేర్లున్నాయి, వాయించినవాళ్ళ పేర్లున్నాయి. నేను చదివినంతలో తిత్తి ఆడించినవాళ్ళ పేరు ఒక్కటీ ఎదురుకాలేదు. వాళ్ళు ఒక్క నిమిషం చేతులు ఆపితే కూపెరాన్ వేళ్ళు ఆడుతూనే ఉండేవి, స్వరం మాత్రం పలికేది కాదు. పండగ బాగా జరిగిందని ఇంటి యజమానిని మెచ్చుకునేటప్పుడు, తెల్లవారుజామునే పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషి గుర్తొస్తుందా మనకి?

మన హార్మోనియం ఆ విషయంలో నయం. కుడిచెయ్యి మెట్ల మీద పరుగెడుతుంటే, తిత్తి ఊపే ఎడంచెయ్యి కూడా అందరికీ కనపడుతూనే ఉంటుంది. ఈసారి విన్నప్పుడు కాస్త అటువైపు కూడా చూడండి.