చెవిలో కమ్మరి కొలిమి

చెరువులో మునక వేసినప్పుడు గట్టుమీద స్నేహితుడు ఎంత గట్టిగా పిలిచినా మీకు సరిగా వినపడదు. ఎందుకో తెలుసా? గాలిలో వచ్చిన ధ్వని నీటిని తాకగానే దాని శక్తిలో దాదాపు వెయ్యింట ఒక వంతు మాత్రమే లోపలికి దిగుతుంది. మిగతాదంతా పరావర్తనం చెందుతుంది.

మన చెవికీ ఇదే చిక్కు. శబ్దాన్ని గ్రహించే కణాలు లోపలి చెవిలో, నత్తగుల్లలా రెండున్నర చుట్లు తిరిగిన కోక్లియాలో, ద్రవం మధ్య ఉన్నాయి. శబ్దమేమో గాలిలో వస్తుంది. దానిని ద్రవంలోకి దించే పని మధ్య చెవిది.

వెలుపలి చెవి శబ్దాన్ని పోగుచేసి కర్ణభేరి అనే పలుచని పొరకు చేరుస్తుంది. దాని వెనుక, గాలి నిండిన చిన్న గదిలో మూడు ఎముకలున్నాయి. కమ్మరి సుత్తి, దాగలి, గుర్రపు రౌతు కాలుపెట్టే అంకవన్నె - ఈ పోలికలనుబట్టే వాటికా పేర్లు. అంకవన్నె సుమారు 3 మిల్లీమీటర్లు, అంటే బియ్యపు గింజలో సగం! మన శరీరంలో ఇంతకంటే చిన్న ఎముక లేదు.

డ్రాయింగు పిన్ను తలమీద నొక్కితే మొన చెక్కలోకి దిగుతుంది కదా? బలం అంతే, వైశాల్యం తగ్గింది, పీడనం పెరిగింది. కర్ణభేరిలో పనిచేసే భాగం సుమారు 55 చదరపు మిల్లీమీటర్లు. అంకవన్నె పాదం ఆనే కిటికీ సుమారు 3 మాత్రమే. ఎముకలు తులాదండంలా కూడా పనిచేయడంవల్ల పీడనం మొత్తంమీద 20 రెట్లకు పైగా పెరుగుతుంది.

మీ ప్రయోగశాలలో 512 హెర్ట్జుల శృతిదండం ఉంటే మోగించి, కాడను చెవి వెనుక ఎముకకు ఆనించండి. శబ్దం ఆగిందనిపించగానే కొమ్ములను చెవి రంధ్రం దగ్గరకు తెండి. మళ్ళీ వినపడుతుంది! పుర్రె ఎముకకంటే ఆ మూడు ఎముకల దారే మేలన్నమాట. జర్మన్ వైద్యుడు రిన్నే 1855లో వర్ణించిన ఈ పరీక్షను డాక్టర్లు నేటికీ వాడతారు. మళ్ళీ వినపడకపోతే గులిమో, చీమో, కర్ణభేరికి చిల్లో దారికి అడ్డమై ఉండవచ్చు. ఇలాంటి చెవుడు చాలావరకు నయమవుతుంది. కాని చీము కారే చెవిలో కాచిన నూనె పోస్తారు చూడండి, అది శుద్ధ పొరపాటు. చిల్లుంటే నూనె తిన్నగా ఆ చిన్న గదిలోకే పోతుంది. డాక్టరుకు చూపించాలి.

కోక్లియా సంగతి వేరు. అందులో సుమారు 15 వేల రోమకణాలున్నాయి. ఊరేగింపులో బాణసంచా పక్కన నిలబడి వచ్చాక చెవుల్లో గుయ్‌మంటుందే, దెబ్బతిన్నవి అవే. చచ్చిపోయిన రోమకణం మనిషిలో మళ్ళీ పుట్టదు. విచిత్రమేమంటే కోడిపిల్లలో పుడుతుంది! 1980లలో ఈ సంగతి బయటపడింది. కోడికి చేతనైనది మనకెందుకు చేతకాదో శాస్త్రజ్ఞులు ఇంకా వెతుకుతూనే ఉన్నారు.