కోడ్ అందరిదీ, మరి పేరు ఎవరిది?

ఖరగ్‌పూర్ ఐఐటీని ఆనుకుని ఉన్న ప్రేమ్ బజార్‌లో ఒక టిఫిన్ బండి చట్నీ రుచి పట్టేసి, పక్కనే ఇంకొకరు బండి పెట్టుకోవచ్చు. మొదటి బండి బోర్డు మీది పేరు మాత్రం పెట్టుకుంటే ఊరుకోరు. ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లోనూ ఇంతే. అదే ఐఐటీలోని ఖరగ్‌పూర్ ఓపెన్ సోర్స్ సొసైటీ 'వింటర్ ఆఫ్ కోడ్' పేరుతో విద్యార్థులను ఇలాంటి ప్రాజెక్టులకు పరిచయం చేస్తుంది. ఎక్కడెక్కడి వాళ్లో జీతం లేకుండా కలిసి రాసే ఈ ప్రాజెక్టుల్లో కోడ్ మీద కన్నా పేరు మీద వచ్చే తగాదాలే తెగడం కష్టం.

కోడ్‌కు కాపీరైట్ ఉంటుంది. లైసెన్స్ ద్వారా దాన్ని వాడుకోవడానికి, మార్చడానికి, పంచడానికి అందరికీ అనుమతి ఇస్తారు. పేరు, లోగో ట్రేడ్‌మార్క్ కిందికి వస్తాయి. మన దేశంలో 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం ప్రకారం నమోదు పదేళ్లు చెల్లుతుంది, తర్వాత పునరుద్ధరించుకోవచ్చు. పేరును కాపాడకపోతే ఎవరైనా వైరస్ కలిపిన ప్రోగ్రామ్‌ను అసలు పేరుతోనే పంచగలరు. 1994లో అమెరికాలో ఒక వ్యక్తి 'లినక్స్' పేరును తన పేరిట నమోదుకు పెట్టి, తర్వాత వాడుకునేవారిని డబ్బు అడిగాడు. ఆ హక్కు సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ చేతికి వచ్చింది 1997లోనే.

అయితే కాపలా మరీ బిగిస్తే సొంతవాళ్లకే ఇబ్బంది. మార్పులు చేసిన ఫైర్‌ఫాక్స్‌కు ఆ పేరు వాడాలంటే తమ ఆమోదం ఉండాలని మొజిల్లా అనడంతో, 2006లో డెబియన్ దాన్ని 'ఐస్‌వీజెల్' అని పిలవడం మొదలుపెట్టింది. పాత పేరు తిరిగి రావడానికి పదేళ్లు పట్టింది.

పేరు ఎవరి దగ్గర ఉందన్నది నాయకత్వ తగాదాలో ఇంకా ముఖ్యం. సన్ కంపెనీని ఒరాకిల్ కొన్నాక, 2010 సెప్టెంబర్‌లో ఓపెన్ఆఫీస్ స్వచ్ఛంద కార్యకర్తలు చాలామంది బయటికొచ్చి డాక్యుమెంట్ ఫౌండేషన్ పెట్టుకున్నారు. కోడ్ వెంట తీసుకెళ్లారు, పేరు మాత్రం ఒరాకిల్ దగ్గరే ఉండిపోయింది. అందుకే ఇవాళ తెలుగులో కూడా దొరికే ఆ ప్రోగ్రామ్ పేరు లిబ్రేఆఫీస్.

రస్ట్ భాష విషయంలో రెండు తగాదాలూ కలిసిపోయాయి. కోర్ బృందం ఎవరికీ జవాబుదారీ కాదంటూ 2021 నవంబర్‌లో మోడరేషన్ బృందం మొత్తం రాజీనామా చేసింది. 2023 ఏప్రిల్‌లో రస్ట్ ఫౌండేషన్ ట్రేడ్‌మార్క్ ముసాయిదా పెట్టింది. అందులో ఆ పేరుతో జరిపే సమావేశాల్లో తుపాకులు నిషేధించాలన్న షరతు కూడా ఉంది. కంపైలర్‌కూ తుపాకీకీ సంబంధమేమిటని జనం అడగకుండా ఉంటారా! భాషకు సేవ చేస్తున్నవాళ్లకే తాము నేరం చేస్తున్నామేమోనన్న భయం పట్టుకుంది. విమర్శలు వెల్లువెత్తాక ఫౌండేషన్ లోపాలను ఒప్పుకుంది. జూన్‌లో కోర్ బృందం స్థానంలో వివిధ బృందాల ప్రతినిధులతో నాయకత్వ మండలి ఏర్పడింది. సవరించిన ట్రేడ్‌మార్క్ ముసాయిదా మళ్లీ అభిప్రాయాల కోసం జనం ముందుకు వచ్చేసరికి 2024 నవంబర్ అయింది.